చివరి రీలు ఎవరిది? మన సినిమాల్లో ఆడవాళ్ల ఎదురుతిరుగుబాటుపై చర్చ

(చెన్నై వడపళనిలోని ఒక స్టూడియోలో రికార్డయిన తెలుగు చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: సినిమా చరిత్ర చెప్పే అధ్యాపకురాలు, ఒక స్క్రీన్‌ప్లే రచయిత, ఒక ఫిల్మ్ ఎడిటర్.)

సంధానకర్త: అందరికీ నమస్కారం. ఒకప్పుడు తెలుగు సినిమా అంతా ఈ నాలుగు వీధుల్లోనే తయారైంది. ఇక్కడ వాహిని, అటు సాలిగ్రామంలో భరణి. ఆ సినిమాల్లో ఆడవాళ్లు ఎప్పుడు, ఎలా ఎదురుతిరిగారు, ఇప్పుడు ఎలా తిరుగుతున్నారు అన్నది ఇవాళ్టి విషయం. రచయిత గారితో మొదలుపెడదాం. ఫలానా సినిమాలో ఆడమనిషి ఎదురుతిరిగింది అని దేన్ని బట్టి చెప్పాలి సార్?

రచయిత: చివరి రీలు చూసి చెప్పాలండి. పాత లెక్కలో వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో మూడు సంగతులు తేలాలి. ఆ మనిషి రేపటినుంచి ఎక్కడ ఉంటుంది, ఖర్చులకు డబ్బు ఎక్కడిది, పిల్లలుంటే ఎవరి దగ్గర ఉంటారు. ఆవేశంగా రెండు పేజీల డైలాగు రాయడం నాలాంటివాడికి ఒక పూట పని. ఈ మూడింటికి జవాబు దొరకడానికి మాత్రం నెలలు పడుతుంది, ఎందుకంటే జవాబు చివర్లో పుట్టదు. మొదటి అరగంటలోనే దానికి విత్తనం వేసి ఉండాలి.

సంధానకర్త: అలా వేసిన సినిమా ఒకటి చెప్పండి.

రచయిత: హిందీలో 1982లో వచ్చిన మహేశ్ భట్ 'అర్థ్'. భర్త మరో ఆమె కోసం వెళ్లిపోతాడు, చివరికి తిరిగొస్తాడు. షబానా ఆజ్మీ పాత్ర ఒకటే అడుగుతుంది: నువ్వు చేసిన పని నేను చేసి వచ్చి ఉంటే ఏలుకునేవాడివా? లేదంటాడు అతను, నిజాయితీగానే. అక్కడితో అయిపోయింది. ఆమెను ఇష్టపడే మంచి స్నేహితుడున్నాడు కదా, అతనితో జత కలిపేస్తారేమో అనుకుంటాం. అతన్నీ వద్దంటుంది. పనిమనిషి కూతుర్ని తన దగ్గర పెట్టుకుని బతకడానికి నిలబడుతుంది. దీన్నే బాలు మహేంద్ర ఇక్కడ 1993లో రేవతితో 'మరుపడియుం'గా తీశారు. ముగింపు జోలికి పోలేదు. రీమేకుల్లో అది అరుదు.

అధ్యాపకురాలు: మన భాషలో ఆ ముగింపు అంతకుముందే ఉంది. బాలచందర్ గారి 'ఇది కథ కాదు', 1979. తమిళంలో 'అవర్గళ్'. జయసుధ పాత్రను హింసించే భర్త చిరంజీవి. మాజీ ప్రియుడున్నాడు, ఆమెను ఆరాధించే మరో మంచి మనిషీ ఉన్నాడు. ముగ్గురిలో ఎవరి చేయీ పట్టుకోకుండా ఊరు వదిలి వెళుతుంది. తోడు వెళ్లేది ఎవరు? అదే భర్త తల్లి. మన కుటుంబ కథల్లో అత్తాకోడళ్లను కొట్లాడించి మగవాణ్ణి పక్కకు తప్పించడం పెద్ద అలవాటు. తప్పంతా అత్తగారి గయ్యాళితనంలోకి పోతుంది, కొడుకు అమాయకుడైపోతాడు. ఆ అలవాటును బాలచందర్ అక్కడ తలకిందులు చేశారు.

సంధానకర్త: మూడేళ్ల ముందు ఆయనే 'అంతులేని కథ' తీశారు కదా మేడమ్.

అధ్యాపకురాలు: తీశారు, 1976లో. జయప్రద సంపాదన మీద ఇల్లంతా బతుకుతుంది. పెళ్లిపీటల దాకా వచ్చిన పెళ్లి కూడా చేజారి, మళ్లీ ఉద్యోగానికే బయల్దేరుతుంది. చాలామంది దాన్ని త్యాగం అని పొగుడుతారు. నేను ఒప్పుకోను. సంపాదించే ఆడపిల్లను ఇల్లు ఎలా తినేస్తుందో ఆ సినిమా చూపించింది. జీతం ఆమె చేతికొచ్చినా దాని మీద నిర్ణయం ఆమెది కాలేదు. సత్యజిత్ రాయ్ 'మహానగర్' 1963 నాటిది. అందులోనూ ఆరతి ఇంటింటికీ తిరిగి అల్లికయంత్రాలు అమ్ముతుంది. కానీ ఆమె చివరికి చేసే పని వేరు. తోటి ఉద్యోగిని ఎడిత్‌కు అన్యాయం జరిగిందని, తన భర్తకు కూడా పని పోయి ఉన్న సమయంలో, రాజీనామా ఇచ్చేస్తుంది. ఆ నిర్ణయం ఇంట్లో ఎవర్నీ అడగదు. జీతం తెచ్చుకున్నప్పటికన్నా దాన్ని వదిలేసినప్పుడే ఆమె ఎవరో ఆమెకు తెలిసింది.

ఎడిటర్: ఆ సినిమాలో భర్త చెడ్డవాడు కాడు, అది గమనించాలి. భయపడతాడు, చిన్నబుచ్చుకుంటాడు, ఒప్పుకుంటాడు. రాక్షసుడైన భర్త ఉన్న సీను ఎడిట్ చేయడం నాకు చాలా తేలిక. కోపంగా ఉన్న ముఖం, ఏడుస్తున్న ముఖం, సంగీతం. మంచివాడైన భర్త ఉన్న సీను ఎడిట్ చేయాలంటే ప్రతి ఫ్రేమూ ఆలోచించాలి.

సంధానకర్త: ఎలాగో కొంచెం విడమరిచి చెప్పండి.

ఎడిటర్: భోజనాల బల్ల దగ్గర భర్త నవ్వుతూ ఒక మాట అంటాడనుకోండి. "ఇదేం ఉప్మా, మా అమ్మ చేసినట్టు లేదు." అందరూ నవ్వారు. ఇప్పుడు నేను ఎవరి ముఖానికి వెళ్లాలి? నవ్వుతున్న అత్తగారికి వెళితే అది హాస్యసన్నివేశం. భార్య ముఖానికి వెళ్లి పన్నెండు ఫ్రేములు, అంటే అర సెకను ఉంచితే ఆమె నొచ్చుకుంది అని సమాచారం మాత్రమే అందుతుంది. రెండు సెకన్లు, నలభై ఎనిమిది ఫ్రేములు ఉంచితే, ఆమె నవ్వాలా వద్దా అని లోపల తేల్చుకోవడం కనిపిస్తుంది. ఆమె ఆలోచన మొదలయ్యే చోటు అదే. షూటింగ్‌లో ఆ క్లోజప్ తీయకపోతే నా చేతిలో ఏమీ ఉండదు. చాలాసార్లు తీయరు. హీరో క్లోజు, సీనంతా ఒకేసారి పట్టే మాస్టర్ షాటు అయ్యాక లైటు పోతోందని ఆమె షాట్లు రెండు తీసి ముగించేస్తారు. సినిమా ఎవరి వైపు నిలబడిందో అక్కడే తేలిపోతుంది.

సంధానకర్త: 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' గురించి మీరు చెప్పాల్సిందే.

ఎడిటర్: జియో బేబీ తీసిన మలయాళం సినిమా, 2021 జనవరిలో ఒక చిన్న ఓటీటీలో వచ్చింది. దాని నిర్మాణమే ఒక పాఠం. మొదట వంట చూపిస్తారు, అందంగా ఉంటుంది. తరగడం, పోపు, ఆవిరి. తర్వాత అదే పని అదే కోణంలో మళ్లీ. మళ్లీ. ప్రతి విడతలో తినే షాట్లు తగ్గి మిగులు పెరుగుతుంది. బల్ల మీద నమిలి ఊసిన పిప్పి, ఎంగిలి పళ్లాలు, సింకు కింద కారే మురికినీళ్లు. ఆ పైపు బాగుచేయించమని ఆమె అడుగుతూనే ఉంటుంది. భర్త మరిచిపోతూనే ఉంటాడు. మామగారు గట్టిగా ఒక్క మాట అనడు. అన్నం కుక్కర్‌లో వద్దు, కట్టెల పొయ్యి మీద వండమ్మా అంటాడు, బట్టలు మెషీన్‌లో వేయకమ్మా అంటాడు. ఎంత మెత్తగా అంటాడంటే, గొడవపడటానికి చోటే దొరకదు.

రచయిత: వాళ్లిద్దరికీ పేర్లు కూడా పెట్టలేదు, చూశారా?

ఎడిటర్: అవును, ఏ ఇంటికైనా సరిపోవాలని. శబ్దం కూడా చూడండి. ఎక్కువ భాగం నేపథ్య సంగీతం లేదు. కత్తి చప్పుడు, మిక్సీ, కుళాయి, చీపురు. అదే విజువల్స్‌కు ఒక వయొలిన్ వేయండి, మసాలా పొడి ప్రకటన అయిపోతుంది. ఇలాంటివి తీసేటప్పుడు మనవాళ్లు తప్పేది ఇక్కడే. సెట్‌లో వంటగదికి ఒక గోడ తీసేసి, ఇరవైనాలుగు ఎమ్ఎమ్ లెన్సు పెట్టి దూరం నుంచి తీస్తారు. వంటగది హాలులా విశాలంగా కనిపిస్తుంది, ఊపిరాడనితనం పోతుంది. నిజం వంటగదిలో గట్టు ఎత్తు సుమారు ముప్పైనాలుగు అంగుళాలు. కెమెరాను ఆ ఎత్తులో పెట్టి, యాభై ఎమ్ఎమ్‌తో దగ్గర్నుంచి తీస్తే ఆమె చేతులూ నడుమూ ఫ్రేమును నింపేస్తాయి. అలసట మాటల్లో చెప్పనవసరం లేదు.

అధ్యాపకురాలు: ముగింపులో ఆమె డాన్స్ టీచరుగా బతుకుతుంటుంది. ఇంకొకటి కూడా చూపిస్తారు, నాకు ముఖ్యమైనది అదే. ఆ భర్తకు మళ్లీ పెళ్లయింది. తాగిన కప్పు అక్కడే వదిలేస్తాడు, కొత్త భార్య కడుగుతుంటుంది. ఒకామె బయటపడింది కానీ ఆ వంటగది ఖాళీగా లేదు. ఇంత నిజం చెప్పే ధైర్యం మన పెద్ద సినిమాలకు ఇంకా రాలేదు.

సంధానకర్త: పెద్ద సినిమాలన్నారు కాబట్టి 'వకీల్ సాబ్'...

రచయిత: చెప్పుకుందాం, ఒకే కథ మూడు భాషల్లో ఎలా మారిందో చూడటానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. 2016లో హిందీ 'పింక్', 2019లో తమిళ 'నేర్కొండ పార్వై', 2021లో 'వకీల్ సాబ్'. హిందీలో ముందు, లైంగిక దాడిని ఎదిరించి కేసులో చిక్కుకున్న ముగ్గురు అమ్మాయిలు. వాళ్ల గది, ఉద్యోగాలు, భయం. లాయరు ఆరోగ్యం చెడిన ముసలాయన, ఎదురింటి నుంచి చూస్తుంటాడు. తమిళానికి వచ్చేసరికి అజిత్ పాత్రకు విద్యా బాలన్‌తో గతం వచ్చింది, ఫైటు వచ్చింది. తెలుగులో పవన్ కల్యాణ్ మూడేళ్ల విరామం తర్వాత వస్తున్నారు. ప్రేమకథ, పాటలు, ఫైట్లు. ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవాలి. పెట్టుబడి వచ్చేది హీరో మార్కెట్ మీద. పంపిణీదారు డబ్బు కట్టేది అతని ఎంట్రీ చూసి. అందుకని రచయిత మీద మొదటి ఒత్తిడి "సార్ ఎంట్రీ ఎప్పుడు?" అన్నదే. ఆయన్ను పది నిమిషాలు ముందుకు తెస్తే, ఆ పది నిమిషాలు ఆ అమ్మాయిల నుంచే పోతాయి. సినిమా నిడివి రబ్బరు కాదు కదా.

అధ్యాపకురాలు: అందరూ హిందీదాన్ని నెత్తిన పెట్టుకుంటారు. అందులోనూ అమ్మాయి "వద్దు" అన్నదానికి అర్థం చెప్పేది మగ లాయరే కదా?

రచయిత: ఒప్పుకుంటాను. ఒక్క చోట మాత్రం ఫలక్ అనే అమ్మాయి బోనులో విసిగిపోయి, సరే డబ్బు తీసుకున్నాం అనుకోండి, తర్వాత వద్దన్నాం కదా అని తిరగబడుతుంది. తన పరువు పోయినా పరవాలేదని తానే తీసుకున్న నిర్ణయం అది. లాయరు కూడా నివ్వెరపోతాడు. స్క్రిప్టు అంతా అలా నడిచి ఉంటే చాలా పెద్ద సినిమా అయ్యేది. మూడు భాషల్లో ప్రేక్షకుడికి గుర్తున్నది మాత్రం లాయరు వాదన.

సంధానకర్త: 'ప్రతిఘటన' సంగతేంటి? తెలుగులో ఈ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది అదే.

రచయిత: 1985. గొప్ప ప్రభావం చూపిన సినిమా. విజయశాంతి అధ్యాపకురాలు. నాకున్న అభ్యంతరం చివర్లో ఆమె విలన్‌ను నరికే గొడ్డలి మీదే. మన కథల్లో ఆడదానికి రెండే దారులు. చచ్చిపోవడం, కాళి కావడం. గొడ్డలి ఎత్తాక ఆమె జీవితం ఏమిటన్న ప్రశ్న రాకుండా తెర పడిపోతుంది. 'కర్తవ్యం'లో పోలీసు పాత్రకు ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది, మంచిదే. కానీ ఆ తర్వాత వచ్చిన యూనిఫాం సినిమాల వరసలో హీరో చేసే పనులే హీరోయిన్ చేత చేయించారు.

అధ్యాపకురాలు: అంత సులువుగా తీసిపారేయకండి సార్. గొడ్డలి కంటే ముందు తరగతిగది చూడండి. నడివీధిలో ఆమెకు జరిగిన అవమానాన్ని విద్యార్థులు బోర్డు మీద బొమ్మ గీసి ఎగతాళి చేస్తారు. అక్కడ వస్తుంది వేటూరి పాట, జానకి గారి గొంతు. ఆమె తలదించుకుని బయటకు పోదు. ఆ బోర్డు ముందే నిలబడి, తల్లిపాలు తాగిన పిల్లలకు పాఠం చెబుతుంది. సిగ్గుపడాల్సింది ఆమె కాదు అన్న మాట జనంలోకి అంత బలంగా తెచ్చిన సన్నివేశం అప్పటికి తెలుగు తెర మీద లేదు. ఆ రోజుల్లో బాధితురాలు అంటే చెరువే గతి. చెరువు నుంచి గొడ్డలికి రావడం చిన్న దూరం కాదు.

రచయిత: పాట గురించి మీ మాటే నిజం. గొడ్డలి విషయంలో నా మాట నాది.

అధ్యాపకురాలు: ఉండనివ్వండి. కానీ ఎదురుతిరగని స్త్రీని చూపించి కూడా ఎదిరించవచ్చు. బి.నర్సింగరావు 'దాసి', 1988. నిజాం కాలంనాటి తెలంగాణ గడీ. దొర ఇంట్లో దాసిగా ఉన్న అర్చన పాత్రకు తన కడుపులో బిడ్డ మీద కూడా హక్కు లేదు. డైలాగులు చాలా తక్కువ. గోడలు, వాకిలి, ఎండ, ఆమె మోసే నీళ్లు. అర్చనకు ఉత్తమ నటి అవార్డుతో పాటు ఛాయాగ్రహణం, కళ, దుస్తులకు కూడా జాతీయ అవార్డులొచ్చాయి. ఆ చీర నేత, ఆ గడప ఎత్తు కూడా కథ చెబుతాయని గుర్తించారు కాబట్టి.

సంధానకర్త: కెమెరా వెనక్కి వెళదాం. అక్కడ ఆడవాళ్లెంతమంది?

అధ్యాపకురాలు: మొదట్లోనే ఉన్నారు, తర్వాత తగ్గారు. భానుమతి గారు 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, నటించారు, సొంత స్టూడియోలో. సావిత్రి గారు 1968లో 'చిన్నారి పాపలు' తీసినప్పుడు కథ, సంగీతం, నృత్యం, కళ ఆడవాళ్లకే అప్పగించారు. విజయనిర్మల గారు 1973లో యద్దనపూడి నవల 'మీనా'తో తెలుగులో మొదలుపెట్టి మొత్తం 44 సినిమాలు తీశారు, గిన్నిస్‌కెక్కారు. ఈ ఊళ్లోనే బి.ఆర్.పంతులు గారి అమ్మాయి బి.ఆర్.విజయలక్ష్మి 1985లో 'చిన్న వీడు'తో ఛాయాగ్రాహకురాలయ్యారు. అయినా వెనుక వరసల్లో గోడ ఎంత గట్టిదో వినండి. ఆడవాళ్లు హెయిర్‌డ్రెస్సర్లుగా పనిచేయవచ్చు, మేకప్ ఆర్టిస్టుగా మాత్రం యూనియన్ కార్డు ఇవ్వరు. దశాబ్దాలపాటు నడిచిన నియమం. మేకప్ ఆర్టిస్టు చారు ఖురానా కేసులో 2014 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసే దాకా పోలేదు.

ఎడిటర్: గొంతు సంగతి కూడా చెప్పాలి. మన హీరోయిన్లలో చాలామందికి వేరేవాళ్లు డబ్బింగ్ చెబుతారు. విజయశాంతికి ఎన్నో సినిమాల్లో సరిత గారు చెప్పారు, అద్భుతంగా చెప్పారు. అయినా నటి ఊపిరి, తడబాటు పోతాయి. 2017 'ఫిదా'లో సాయిపల్లవి తన గొంతుతోనే తెలంగాణ మాట్లాడింది, ఆ భానుమతి పాత్ర మొండితనం సగం ఆ గొంతులోనే ఉంది. ఆ కథలో నాన్నను వదిలి అమెరికా రానంటే రానంటుంది. చివరికి అబ్బాయే ఊరికి వస్తాడు.

సంధానకర్త: సెట్‌లో భద్రత గురించి తప్పకుండా అడగాలి. హేమ కమిటీ నివేదిక బయటకు వచ్చాక...

అధ్యాపకురాలు: మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ల కష్టాలు తెలుసుకోవడానికి కేరళ ప్రభుత్వం వేసిన ఆ కమిటీలో మన తెనాలి శారద గారు సభ్యురాలు. నివేదిక 2019 చివర్లో ఇచ్చారు, బయటపెట్టింది 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తీసేసి. ఆ వెంటనే, తెలుగు సినిమా రంగంలో లైంగిక వేధింపులపై తెలంగాణలో అంతకుముందే వేసిన ఉపసంఘం నివేదికను కూడా విడుదల చేయాలని సమంత బహిరంగంగా కోరారు. ఇప్పుడు చట్టం సంగతి. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు స్త్రీ, సభ్యుల్లో కనీసం సగం స్త్రీలు, బయటి వ్యక్తి ఒకరు. సినిమా యూనిట్‌కూ ఇది వర్తిస్తుందని 2022 మార్చిలో కేరళ హైకోర్టు చెప్పింది. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. సినిమాల్లో జరిగే తప్పేంటంటే, షెడ్యూలు ముగియగానే యూనిట్ చెదిరిపోతుంది, కమిటీ ఎవరో ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు షూటింగ్ వివరాలతో యూనిట్‌కు ఇచ్చే కాల్ షీట్ మీదే సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అచ్చువేయించమని అడగండి. చిన్న యూనిట్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు.

సంధానకర్త: సెన్సార్ గురించి ఒక్క ముక్క.

రచయిత: ఒక్క ముక్కే. 2017లో 'లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా'కు సర్టిఫికెట్ నిరాకరిస్తూ, కథ ఆడవాళ్ల చుట్టూ తిరుగుతోందన్నది కూడా ఒక కారణంగా రాశారు. అప్పుడు అప్పీలు ట్రిబ్యునల్ ఉంది, 'ఎ' సర్టిఫికెట్ ఇప్పించింది. 2021లో ట్రిబ్యునల్ తీసేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. చిన్న నిర్మాతకు ఆ ఖర్చు, ఆ సమయం ఎక్కడివి?

సంధానకర్త: ప్రేక్షకుల్లో ఒక విద్యార్థిని ఉన్నారు. అడుగమ్మా.

విద్యార్థిని: నేను విజువల్ కమ్యూనికేషన్ చదువుతున్నాను మేడమ్. పదిహేను నిమిషాల లఘుచిత్రం తీయాలి. పెళ్లయి పదేళ్లయినామె మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటుంది. కథ రాశాను గానీ చివర్లో ఉపన్యాసంలా వస్తోంది.

రచయిత: పదిహేను నిమిషాలంటే పదిహేను పేజీలు, పది పన్నెండు సీన్లు. ఒక్కో సీను ఒక్కో కార్డు మీద రాసుకో అమ్మా. ఆమె తానుగా ఏదో నిర్ణయించిన సీన్లకు ఎర్ర గీత పెట్టు, ఆమెకు ఏదో జరిగిన సీన్లకు నీలం గీత. మొదటి డ్రాఫ్టులో అన్నీ నీలమే వస్తాయి, చివర్లో ఒక్క ఎర్రది. ఆ ఒక్కదానిమీదే భారమంతా పడుతుంది కాబట్టి ఉపన్యాసం వస్తుంది. మూడో సీనులో ఒక చిన్న ఎర్ర గీత తెచ్చుకో. పాత సర్టిఫికెట్లు బయటకు తీయడం, బస్సు రూట్ కనుక్కోవడం, తన పేరు మీద బ్యాంకు ఖాతా ఉందా అని చూడటం. ఇంకోటి, ఆ భర్తను మంచివాణ్ణి చెయ్యి. "వెళ్లు, నేను వద్దన్నానా, కాకపోతే పిల్లాడి బడి టైముకు వచ్చేయ్" అనేవాడిగా రాయి. అనుమతి ఇచ్చే అధికారం తనదే అనుకోవడం అందులో దానంతట అదే బయటపడుతుంది.

అధ్యాపకురాలు: ఆమెకు ఇంగ్లీషు రాకపోవడమో, కంప్యూటర్ రాకపోవడమో పెట్టి, అది నేర్చుకోగానే గౌరవం వచ్చేసినట్టు ముగించకు. 'ఇంగ్లీష్ వింగ్లీష్'లో శ్రీదేవి పాత్ర లడ్డూల వ్యాపారం ముందునుంచీ చేస్తూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లే దాన్ని పనిగా లెక్కించలేదు. చివర విమానంలో హిందీ పేపరు అడుగుతుంది, గుర్తుందా? అప్పటికి ఇంగ్లీషు వచ్చు. ఇక ఎవరికీ నిరూపించనక్కర్లేదని తానే తేల్చుకుంది.

ఎడిటర్: షూటింగ్ అయ్యాక ప్రతి లొకేషన్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి కనీసం ముప్పై సెకన్లు గది శబ్దం రికార్డు చేయించు. ఫ్యాను, బయట ఆటోలు, పక్కింటి కుక్కర్ విజిల్. డైలాగు తీసేసినప్పుడు ఆ ఖాళీ నింపడానికి అదే పనికొస్తుంది, డైలాగులు తీసేయాల్సి వస్తుంది చూడు. మొదటి కట్ అయ్యాక సౌండ్ మ్యూట్ చేసి చూడు. ఆమె ఎక్కడ మనసు మార్చుకుందో మాట లేకుండా తెలియాలి. తెలియకపోతే ఆమె క్లోజప్ ఒకటి తక్కువైందన్నమాట. లొకేషన్ చేతిలో ఉండగానే వెళ్లి తీసుకో, తర్వాత మ్యూజిక్‌తో సర్దేద్దాం అనుకోకు. అందుకే ఒక పూట రీషూట్‌కు డబ్బు ముందే పక్కన పెట్టుకో.